పడవ ఇన్సూరెన్స్ మధ్యలో రద్దు చేస్తే చేతికొచ్చేదెంత, చేజారేదెంత: చెన్నై పడవ యజమానులకు

జూలై 1న 43,070 రూపాయలు కట్టి మీ పడవకు ఏడాది పాలసీ తీసుకున్నారనుకుందాం. అందులో అసలు ప్రీమియం 36,500. మిగతా 6,570 పద్దెనిమిది శాతం జీఎస్టీ. అంటే ప్రీమియం రోజుకు సరిగ్గా వంద రూపాయలు. అక్టోబర్ 28కి 120 రోజులు వాడేశారు, ఇంకా 245 రోజులున్నాయి. ఆ రోజే రద్దు చేస్తే ఎంత తిరిగొస్తుంది?

దీనికి మూడు జవాబులున్నాయి. 28,910 రావచ్చు, 28,713 రావచ్చు, లేదా 21,535 మాత్రమే రావచ్చు. పడవ ఒకటే, తేదీ ఒకటే. మీకు ఏది వర్తిస్తుందో చెప్పేది ఏజెంటు నోటిమాట కాదు, పాలసీ వెనక పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉండే క్యాన్సిలేషన్ క్లాజు. కాగితం మొత్తం ఇంగ్లీషులో ఉన్నా భయపడనక్కర్లేదు. క్యాన్సిలేషన్, రిటర్న్ ప్రీమియం, షార్ట్ పీరియడ్, లే-అప్ అనే నాలుగు మాటలు ఎక్కడున్నాయో వెతికి, ఆ పేరాలు మాత్రం నిదానంగా చదివితే చాలు.

మూడు లెక్కలు

మొదటిది రోజుల లెక్క. మిగిలిన రోజులకు సరిపడా ప్రీమియం వెనక్కి ఇస్తారు. 245 రోజులకు 24,500, దానిమీద జీఎస్టీ 4,410, కలిపి 28,910. యజమానికి ఇదే లాభం.

రెండోది నెలల లెక్క. పెద్ద బోట్ల హల్ (పడవ దేహం) పాలసీలకు తరచూ జతచేసే లండన్ ఇన్‌స్టిట్యూట్ టైమ్ క్లాజెస్ అనే ప్రామాణిక షరతుల్లో (1983 అక్టోబర్ 1 నాటివి) ఇదే ఉంది. ఇరుపక్షాలూ ఒప్పుకుని రద్దు చేసుకుంటే, ఇంకా మొదలుకాని నెలలకు మాత్రమే డబ్బు తిరిగొస్తుంది. అక్టోబర్ 28న రద్దయితే మొదలుకాని నెలలు ఎనిమిది, కాబట్టి 24,333, జీఎస్టీతో 28,713. రోజుల లెక్కకూ దీనికీ పెద్ద తేడా లేదు కదా అనిపిస్తుంది. అదే లేఖ దీపావళి హడావిడిలో ఓ ఐదు రోజులు ఆలస్యమై నవంబర్ 2న నమోదైందనుకోండి. నవంబర్ నెల మొదలైపోయింది, ఏడు నెలలే మిగిలాయి. వచ్చేది, జీఎస్టీ కలపకుండా, 24,333 నుంచి 21,292కి పడిపోతుంది. ఐదు రోజుల బద్ధకానికి మూడు వేల పైచిలుకు ఖర్చు. ఇక్కడ నెల అంటే క్యాలెండరు నెల కాదు, పాలసీ నెల. మీ పాలసీ 17వ తేదీన మొదలైతే ప్రతి 17కీ కొత్త నెల మొదలవుతుంది.

మూడోది షార్ట్ పీరియడ్ స్కేలు. మన దేశంలో మోటారు బీమా టారిఫ్ ద్వారా చాలామందికి తెలిసిన స్కేలు ఇది: ఒక నెల వరకు వాడుకుంటే ఏడాది ప్రీమియంలో 20 శాతం కంపెనీకి, రెండు నెలలకు 30, మూడుకు 40, నాలుగుకు 50, అలా నెలకు పదేసి శాతం పెరుగుతూ ఎనిమిది నెలలకు 90. ఎనిమిది దాటితే మొత్తం ప్రీమియం వాళ్ళదే. పడవ పాలసీల్లో శాతాలు కొంచెం అటూఇటూ ఉండొచ్చు, నడక మాత్రం ఇదే. అక్టోబర్ 28 నాలుగో నెలలోకి వస్తుంది. సగం పోయి 18,250, జీఎస్టీ కలిపి 21,535 చేతికొస్తుంది. రోజుల లెక్కతో పోలిస్తే 7,375 తక్కువ.

ముందుకు పోయేకొద్దీ ఈ స్కేలు ఇంకా బిగుస్తుంది. జనవరి 16కి, అంటే 200 రోజులకు, రోజుల లెక్కలో 19,470 రావాలి. స్కేలు ప్రకారం 8,614. మార్చి 7కి, 250 రోజులకు, రోజుల లెక్కలో 13,570. స్కేలు ప్రకారం సున్నా. అందుకే షార్ట్ పీరియడ్ పాలసీ ఉన్నవాళ్ళు ఎనిమిది నెలలు దాటాక రద్దు గురించి ఆలోచించడం దండగ. ఉన్న కవరును చివరిదాకా వాడుకోవడమే మేలు, డబ్బెలాగూ రాదు.

ఎవరికి ఏ లెక్క

2024 జూన్‌లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన జనరల్ ఇన్సూరెన్స్ మాస్టర్ సర్క్యులర్ రిటైల్ కస్టమర్లకు పెద్ద ఊరట. కారణం చెప్పకుండానే ఎప్పుడైనా పాలసీ రద్దు చేసుకోవచ్చు. ఏడాది వరకు ఉండే పాలసీ అయితే, ఆ కాలంలో క్లెయిమ్ ఏదీ లేకపోతే, మిగిలిన కాలానికి దామాషా ప్రకారం ప్రీమియం వెనక్కి ఇవ్వాలి. ఏడాదికి మించిన పాలసీ అయితే ఇంకా మొదలుకాని సంవత్సరాల ప్రీమియం తిరిగివ్వాలి. కంపెనీ తనంతట తాను రద్దు చేయాలంటే మోసం రుజువై ఉండాలి, కనీసం ఏడు రోజుల నోటీసు ఇవ్వాలి.

అయితే ఈ సర్క్యులర్ చేతిలో పట్టుకుని వెళ్ళేముందు షెడ్యూల్‌లో, అంటే పాలసీ వివరాల పట్టికలో, పాలసీ ఎవరి పేరు మీద ఉందో చూసుకోండి. సొంత సరదాకు కొన్న చిన్న మోటారు పడవ, యజమాని పేరు మీదే ఉంటే రిటైల్ అని గట్టిగా వాదించే దారి ఉంది. కంపెనీ పేరు మీద ఉన్న ట్రాలరు, పర్యాటకుల్ని ఎక్కించుకునే బోటు, లండన్ క్లాజుల మీద రాసిన హల్ పాలసీ అయితే ఒప్పందంలోని మాటే నడుస్తుంది. అక్కడ సర్క్యులర్ మీద గొంతు చించుకోవడం కన్నా క్లాజులో ఉన్న తేదీలను మనకు అనుకూలంగా వాడుకోవడం తెలివి.

‘క్లెయిమ్ లేకపోతే’ అన్న షరతు దగ్గర కాస్త ఆగాలి. రెండు నెలల్లో పడవ అమ్మే ఆలోచన ఉంది, ఈలోగా ప్రొపెల్లరు వంగింది, మరమ్మతుకు ఆరు వేలు. ఈ షరతున్న పాలసీలో ఆ ఆరు వేలకు క్లెయిమ్ వేశారా, రేపు రావలసిన ఇరవై నాలుగు వేల రీఫండు గోవిందా. పైగా క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన మినహాయింపు సొమ్ము పోగా ఆరులో ఎంత మిగులుతుందో కూడా చూసుకోవాలి. చిన్న మరమ్మతులు జేబులోంచే పెట్టుకోవడం ఇలాంటప్పుడు చౌక.

పడవ అమ్మేస్తే

పడవ అమ్మినప్పుడు ‘రద్దు చేయాలా వద్దా’ అనే ప్రశ్నే లేదు. కొన్నవాళ్ళకు పాలసీ తనంతట తాను బదిలీ కాదు. ఇన్‌స్టిట్యూట్ క్లాజుల్లో అయితే, కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే, యాజమాన్యం చేతులు మారిన క్షణానికే కవరు ముగుస్తుంది. ఇంకో విశేషం కూడా ఉంది. అదే 1983 క్లాజుల్లో ఒప్పుకుని రద్దు చేసుకుంటే నెలల లెక్క. అమ్మకం వల్ల ముగిస్తే రోజుల లెక్క. యాట్ల (సొంత సరదా నౌకల) కోసం రాసిన 1985 క్లాజుల్లో రెండింటికీ రోజుల లెక్కే. అందువల్ల అమ్మిన యజమాని ‘దయచేసి రద్దు చేయండి’ అని రాయకూడదు. ‘ఫలానా తేదీన అమ్మకం జరిగింది, ఆ తేదీ నుంచి పాలసీ ముగిసింది, రోజుల ప్రకారం ప్రీమియం తిరిగివ్వండి’ అని రాయాలి. రెండు వాక్యాలకూ మధ్య కొన్ని వేల రూపాయల తేడా ఉంది.

కొనేవాళ్ళ పేరిట ఎండార్స్‌మెంటు (పాలసీలో మార్పును కంపెనీ రాసిచ్చే కాగితం) చేయించడం రెండో దారి. మిగిలిన ప్రీమియం విలువను అమ్మకం ధరలో కలుపుకుంటే మీకు జీఎస్టీతో సహా పూర్తి విలువ దక్కుతుంది, వాళ్ళకు తొలిరోజు నుంచే కవరు ఉంటుంది. షార్ట్ పీరియడ్ పాలసీకి ఇంతకన్నా మంచి మార్గం లేదు. ఒక్క చోట చిక్కొస్తుంది: చెన్నై కాసిమేడు రేవులో ఉన్న బోటును నెల్లూరు జిల్లావాళ్ళు కొని కృష్ణపట్నం వైపు తీసుకుపోతే, పాలసీలో రాసిన తిరిగే హద్దులు, కట్టేసే రేవు రెండూ మారతాయి. పేరు మార్చి వీటిని మార్చకపోతే పాలసీ ఉన్నా లేనట్టే. పులికాట్‌లో తిరిగే పడవలకూ ఇదే చూసుకోవాలి. సరస్సు రెండు రాష్ట్రాల్లో ఉంది, షెడ్యూల్‌లో హద్దు ఎక్కడిదాకా రాశారో మరి.

పడవ అమ్మి ఇంజను ఉంచుకునేవాళ్ళూ ఉంటారు, ముఖ్యంగా ఔట్‌బోర్డు మోటార్లున్న ఫైబరు బోట్ల విషయంలో. షెడ్యూల్‌లో హల్, ఇంజను, వలలు, సామగ్రి విడివిడిగా విలువ కట్టి ఉంటే దేనికది తీసేయించుకోవచ్చు. అన్నిటికీ కలిపి ఒకే మొత్తం రాసి ఉంటే ఆ వెసులుబాటు లేదు.

అమ్మలేదు, ఊరికే ఉంది

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. అక్టోబర్ వచ్చింది, ఈశాన్య రుతుపవనం మొదలైంది, డిసెంబరు దాకా ఎలాగూ నీళ్ళలోకి దిగం, అంతదాకా బీమా ఎందుకు అనుకుంటారు. పడవ ఖాళీగా ఉంటే ప్రమాదమూ ఖాళీగా ఉంటుందనుకోవడం. చెన్నైలో అది తలకిందుల లెక్క. వర్ధా తుఫాను 2016 డిసెంబర్ 12న చెన్నై దగ్గర తీరం దాటింది. మాండౌస్ 2022 డిసెంబర్ 9 రాత్రి మామల్లపురం దగ్గర. 2023లో మిచాంగ్ నగరాన్ని ముంచింది కూడా డిసెంబర్ మొదటివారంలోనే. తాళ్ళతో కట్టేసి ఉన్న పడవలు ఒకదాన్నొకటి ఢీకొని చీలడం, ఒడ్డున ఉన్నవి అలలకు కొట్టుకుపోవడం, ఇవన్నీ నడవని పడవలకు జరిగేవే. అక్టోబర్ 29 నుంచి డిసెంబర్ 31 దాకా 64 రోజులు. మన ఉదాహరణలో ఆ కవరు ఖరీదు జీఎస్టీతో 7,552. ఇది మిగుల్చుకుందామని అక్టోబర్ చివర్లో రద్దు చేయడం మా దృష్టిలో ఈ మొత్తం విషయంలోకెల్లా చెడ్డ బేరం. వాయుగుండం వార్త చూసి మళ్ళీ తీసుకుందామంటే, హెచ్చరిక వెలువడ్డాక కంపెనీలు కొత్త కవరు ఇవ్వడానికి సాధారణంగా ముందుకు రావు.

ఖాళీగా ఉన్న కాలానికి లే-అప్ అనే పద్ధతి ఉంది. పాలసీ బతికే ఉంటుంది. పడవ వరుసగా 30 రోజులు రేవులో ఊరికే ఉంటే, ఆ 30 రోజుల ముక్కకు పాలసీలో ముందే రాసుకున్న శాతం ప్రీమియం తిరిగొస్తుంది. వినడానికి బాగుంటుంది, షరతులు చూడాలి.

తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. దాన్నే తీసుకుందాం. 30 రోజుల ముక్కలు రెండు వస్తాయి, ఒక రోజు వృథా. మధ్యలో ఇంజను పరీక్షించడానికంటూ ఒక్కసారి హార్బరు దాటించి తిప్పితే ఆ ముక్క తెగిపోతుంది. అప్పుడు రెండు కాదు, ఒక్కటే దక్కుతుంది. కాబట్టి ట్రయల్ రన్ చివరి రోజుకు, 61వ రోజుకు పెట్టుకోవాలి. మరమ్మతులో ఉన్న రోజులకూ ఊరికే ఉన్న రోజులకూ రెండు వేర్వేరు శాతాలుంటాయి. నిషేధ కాలంలో కాసిమేడు బోట్లు ఎక్కేది స్లిప్‌వే (మరమ్మతుకు పడవను పైకి లాగే వాలు) మీదికే, పలకలు మార్చడం, రంగులు వేయడం అప్పుడే. కాబట్టి మరమ్మతు రోజులెన్నో రాసిపెట్టుకోండి, ఆ రెండు శాతాలూ రోజుల చొప్పున పంచి లెక్క కడతారు. వెల్డింగు ఉంటే ముందే కంపెనీకి చెప్పండి.

పడవ ఉంచిన చోటు కంపెనీ ఒప్పుకున్న చోటై ఉండాలి. అలల తాకిడికి నేరుగా ఎదురుగా, రక్షణ లేని నీళ్ళలో ఉంటే లే-అప్ డబ్బు రాదు. హార్బరు గోడ లోపల ఉన్న బోటుకూ ఈస్ట్ కోస్ట్ రోడ్డు పక్కన ఇసుక మీదికి లాగిన బోటుకూ తేడా ఇదే. ఆ ఏడాదిలో పడవ పూర్తిగా నష్టమైతే లే-అప్ రీఫండు ఉండదు కనుక ఈ లెక్క సాధారణంగా పాలసీ ముగిశాకే తేలుస్తారు. డబ్బు ఆలస్యం, కానీ పడవ మీద కవరు ఒక్కరోజు కూడా పోదు.

యాట్‌ల పాలసీ అయితే లే-అప్ నెలలు షెడ్యూల్‌లో ముందే రాసి ఉంటాయి, ప్రీమియం కూడా దాని ప్రకారమే తక్కువ. వాతావరణం బాగుంది కదా అని ఆ నెలల్లో తెరచాప ఎత్తితే ఆ ప్రయాణానికి కవరు లేదు.

విలువ తగ్గించడం

రద్దు బదులు బీమా మొత్తం తగ్గించమని కొందరు అడుగుతారు. పది లక్షల పడవను ఆరు లక్షలకు దించితే ప్రీమియం తగ్గుతుంది నిజమే. కానీ తక్కువ విలువకు బీమా చేస్తే నష్టాన్నీ అదే నిష్పత్తిలో కోసే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. లక్ష రూపాయల దెబ్బకు అరవై వేలే చేతికొస్తాయి. పడవ నిజంగా పాతబడి విలువ తగ్గితే తప్ప ఈ దారి వద్దు.

కంపెనీ మారాలంటే

ఇంకో కంపెనీ అదే కవరు ఏడాదికి 30,000కి ఇస్తానంది (ఇక్కడి అంకెలన్నీ జీఎస్టీ కలపనివి). ఏడాదికి 6,500 ఆదా అని లెక్క కట్టకండి, మీకు మిగిలినవి 245 రోజులే. ఆ మేరకు ఆదా 4,363. మీది రోజుల లెక్క పాలసీ అయితే ఇది లాభమే, కొత్త కంపెనీ అడిగే సర్వే ఖర్చు అందులోంచి పోనివ్వండి. షార్ట్ పీరియడ్ అయితే 6,250 ముందే పోయింది. ఆదా కోసం వెళ్ళి దాదాపు 1,900 నష్టపోతారు. ఇలాంటప్పుడు రెన్యువల్ దాకా ఆగడమే.

మారే పని పెట్టుకుంటే కొత్త పాలసీ చేతికి వచ్చాకే పాతదానికి రద్దు లేఖ ఇవ్వండి. కొత్తది ఏ గంటకు మొదలవుతుందో, పాతది ఏ గంటకు ముగుస్తుందో పక్కపక్కన పెట్టి చూడండి. ఒక రోజు రెండూ కలిస్తే పోయేది వంద రూపాయలు. ఒక రాత్రి రెండూ లేకపోతే పడవే పోవచ్చు. ప్రీమియం జమ కాకుండా కవరు మొదలవదని 1938 ఇన్సూరెన్స్ చట్టంలోని 64 వీబీ సెక్షన్ చెబుతుంది. ‘కొటేషన్ ఓకే అయింది సార్’ అన్న ఫోను మాట పాలసీ కాదు. పాత కంపెనీ నుంచి క్లెయిమ్ లేని కాలానికి ఉత్తరం కూడా అప్పుడే తీసుకోండి, రద్దయ్యాక దానికోసం తిరగాల్సి వస్తుంది.

రద్దుకు ముందు ఎవరిని అడగాలి

పడవ మీద అప్పుంటే బ్యాంకును. షెడ్యూల్‌లో బ్యాంకు పేరు ఉన్నంతకాలం వాళ్ళ నిరభ్యంతర పత్రం లేకుండా రద్దు కదలదు. కదిలినా అప్పు ఒప్పందాన్ని మీరు మీరినట్టవుతుంది. పడవ కట్టే క్లబ్బును లేదా రేవును, మూడోపక్షం బాధ్యత కవరు లేకుండా ఉంచనిస్తారో లేదో. బ్యాక్‌వాటర్, సరస్సు లాంటి లోతట్టు నీళ్ళలో నడిచే యంత్రపు పడవ అయితే 2021 ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం బీమాను తప్పనిసరి చేసింది. కవరు లేకుండా మనుషుల్ని ఎక్కించుకుని నడపడం కుదరదు.

లేఖలో ఏముండాలి

పాలసీ నంబరు, పడవ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, కవరు ముగియవలసిన తేదీ, గంట. ఏ క్లాజు ప్రకారం అడుగుతున్నారో దాని నంబరు. ఈ కాలంలో క్లెయిమ్ లేదన్న ఒక వాక్యం. అమ్మకమైతే ఒప్పంద పత్రం నకలు. అప్పుంటే బ్యాంకు పత్రం. మీ పేరున్న క్యాన్సిల్డ్ చెక్కు. పాలసీ ఇచ్చిన శాఖకు ఈమెయిల్ పంపి, అదే రోజు కాగితం కూడా ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఏజెంటుకు వాట్సాప్‌లో పంపిన మెసేజీ కంపెనీకి అందినట్టు లెక్క కాదు. రీఫండు కూడా ఏజెంటు ఖాతాలోకి పోకూడదు, నేరుగా పాలసీదారుకే ఇవ్వాలని ఆ 64 వీబీలోనే ఉంది. ‘నా ఖాతాలో వేయించి మీకిస్తా’ అన్న మాటకు ఒప్పుకోకండి.

కంపెనీ జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో గానీ 155255కి ఫోన్ చేసి గానీ ఫిర్యాదు పెట్టొచ్చు. వ్యక్తులకూ సూక్ష్మ వ్యాపారాలకూ ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) ఉన్నారు. తమిళనాడుకు కార్యాలయం చెన్నై తేనాంపేటలో, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా తీర్పివ్వగలరు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్ళాలి.

డబ్బు జమైన రోజున ఊరికే సంతోషపడిపోకుండా ఎండార్స్‌మెంటు కాగితం పక్కన పెట్టుకుని రావలసినదాంతో పోల్చండి. మన ఉదాహరణలో 28,910 బదులు 28,792 వచ్చిందనుకోండి, తేడా 118. అది ఒక రోజు ప్రీమియం, దానిమీద జీఎస్టీ. అంటే మీ లేఖ ఒక రోజు ఆలస్యంగా నమోదైంది. తేడా 236, 354 అయితే రెండు రోజులు, మూడు రోజులు. సరిగ్గా 4,410 తగ్గితే జీఎస్టీ వెనక్కి ఇవ్వలేదు, క్రెడిట్ నోటు (ఆ పన్ను వెనక్కి ఇస్తున్నట్టు రాసే పత్రం) అడగండి. 7,375 తగ్గితే మీ పాలసీకి షార్ట్ పీరియడ్ స్కేలు వేశారు. ఏ క్లాజు ప్రకారం వేశారో రాతపూర్వకంగా చెప్పమనండి.